బడిపిల్లల ఏకరూప దుస్తులు

ఏటేట జూన్ మాసమున, బడులు తెరచు వారములో, మా అనకాపల్లి బట్టల దుకాణములయందు ఒకే రంగు గుడ్డ గుట్టలు గుట్టలుగా కనబడును. దర్జీల మిషనులు రాత్రి పది గంటలు దాటినను ఆగవు. బజారులో సగము బెల్లపు వాసన, సగము కొత్తగుడ్డ గంజివాసన. పిల్లవాని భుజముల కొలత తీయుచు దర్జీ, ‘ఏ బడి బాబూ?’ అని అడుగును. బడి పేరు చెప్పిన చాలును, రంగు అతనికి తెలియును. పిల్లవాని పేరుతో అతనికి పనిలేదు.

ఈ ఒకే రంగు గుడ్డ మన పిల్లల ఒంటిమీదికి ఎప్పుడు వచ్చినది? ఎవరు తెచ్చిరి? ఇది ఇంగ్లీషువారి వెంట వచ్చిన అలవాటే గదా యని పలువురు తలంతురు. సగము నిజమే. తక్కిన సగము కొరకు పట్టణమును దాటి కొంచెము దూరము పోవలెను.

అనకాపల్లికి చేరువనే శంకరము గ్రామమున బొజ్జన్నకొండ కలదు. సంఘారామమను మాటయే శంకరమైనదని పెద్దలు చెప్పుదురు. 1907 ప్రాంతమున అలెగ్జాండర్ రే అను పురావస్తు శాఖాధికారి అచట త్రవ్వకములు జరిపించి ఇటుక కట్టడములను, భిక్షువుల గదుల పునాదులను వెలికి తీసెను. గదులున్నచోట గురువులును శిష్యులును ఉండి తీరవలయును. ఆ శిష్యులు, అనగా సామణేరులను బాలభిక్షువులు, ధరించినది కాషాయము. మన ప్రాంతమున చదువుకొనువారు ధరించిన ఏకరూప వేషములలో మనకు తెలిసినంతలో మిక్కిలి పాతది ఇదియే యనవచ్చును.

ఆ కాషాయము కుట్టు పద్ధతిని గూర్చి వినయపిటకమున ఒక ముచ్చట కలదు. మగధదేశపు వరిమడులను, వాని నడుమ గట్లను చూపి, చీవరమును అట్లు కుట్టింపగలవా యని బుద్ధుడు ఆనందుని అడిగెనట. నాటినుండి భిక్షువు బట్ట నిండుగుడ్డ గాక ముక్కలు ముక్కలుగా కత్తిరించి అతికినది యయ్యెను. కత్తిరించిన గుడ్డకు అంగడిలో వెలయుండదు, దొంగకు దానిపై ఆశయుండదు. రాజకుమారుడు వచ్చి చేరినను, క్షురకుడు వచ్చి చేరినను కట్టవలసినది ఆ ముక్కలగుడ్డయే.

దీనికి ప్రక్కగా మనుస్మృతిని ఉంచి చూడుడు. అందును బ్రహ్మచారికి వేషము విధింపబడినది. కాని ఒకే వేషము గాదు. బ్రాహ్మణ వటువునకు కృష్ణాజినము, క్షత్రియునకు రురుమృగ చర్మము, వైశ్యునకు మేకతోలు. మొలత్రాడు ఒకనికి ముంజగడ్డితో, మరియొకనికి వింటినారితో, వేరొకనికి జనపనారతో. చేతికఱ్ఱ పొడవు సైతము వేరు: ఒకనిది జుట్టు దాక, ఒకనిది నుదుటి దాక, ఒకనిది ముక్కు దాక. చూడగానే ఎవడెవడో తెలియవలయుననియే ఆ యేర్పాటు. నాలుగవ వర్ణమువానికి, ఆడుపిల్లకు ఆ పట్టికలో ఏ తోలును లేదు, ఏ కఱ్ఱయు లేదు. వారికి బడియే లేదు గనుక. విద్యార్థి వేషము మనుష్యులను కలుపనూ గలదు, విడదీయనూ గలదు. ఈ రెండు దారులును మనదేశముననే పుట్టినవి.

తరువాత పెక్కు శతాబ్దములు తెలుగునాట వీధిబడులు నడచినవి. అరుగుమీద చాప, ఇసుకలో వ్రేలితో ఓనమాలు, చేతిలో తాటాకులు. పిల్లలు ఇంటనున్న బట్టతోనే వచ్చెడివారు. చిన్నవారు గోచితో వచ్చినను అడుగువారు లేరు. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో దేశమందలి బడుల లెక్క తీయుమని కలెక్టరుల కందరికి ఉత్తరువిచ్చెను. బళ్ళారి కలెక్టరు ఎ. డి. క్యాంబెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక వానిలో మిక్కిలి వివరమైనది. ఆ జిల్లాలో 533 బడులు. అందు 226 తెలుగు బడులు. చదువువారు 6,641 మంది. వారిలో బాలికలు 60 మంది మాత్రమే. తెల్లవారుజామున అందరికంటె ముందు వచ్చిన పిల్లవాని అరచేతిలో సరస్వతి యని వ్రాయుదురనియు, రెండవవానికి సున్న చుట్టుదురనియు, మూడవవాడు మొదలు ఒకటి, రెండు చొప్పున బెత్తపు దెబ్బలు పెరుగుననియు క్యాంబెల్ వ్రాసెను. బట్టలను గూర్చి ఏ నియమమును అతడు చెప్పలేదు. నాటి బడిపిల్లవాని గుర్తు ఒంటిమీద లేదు, అరచేతిలో ఉండెను.

ఏడాదికి ఒక్కమారు మాత్రము వీధిబడి పిల్లలందరు ఒక్క తీరున కనబడెడివారు. అది దసరా పండుగ. కొత్తబట్టలు కట్టి, తలపాగలు చుట్టి, చేత పూలు కట్టిన విల్లంబులు, గిలకలు పట్టుకొని, అయ్యవారి వెంట ఇంటింటికి పోయి పాటలు పాడెడివారు. అయ్యవారికి చాలు అయిదు వరహాలు, పిల్లలకు పప్పుబెల్లాలు అను వాడుక నేటికిని నిలిచియున్నది. బెల్లమునకు పేరుగన్న మా ఊరిలో ఆ పప్పుబెల్లములు కొంత ధారాళముగనే దొరకియుండునని నా నమ్మకము; దానికి దస్తావేజు మాత్రము లేదు.

క్యాంబెల్ నివేదికలో మన ప్రస్తుత విషయమునకు అన్నిటికంటె ముఖ్యమైన మాట వేరొకటి కలదు. బడులు క్షీణించుటకు కారణమేమి యని విచారించి, జనులు బీదలగుటయే కారణమని అతడు తేల్చెను. ఇంగ్లండు మిల్లుగుడ్డ దిగుమతియై ఇచటి నేతగుడ్డను త్రోసివేయుటచే నేతపనివారి రాబడి తగ్గిపోయెననియు, మధ్యతరగతివారును దిగువవారును పిల్లల చదువునకు వలయు వ్యయము భరింపజాలకున్నారనియు కుంపిణీ అధికారి యయ్యును దాచక వ్రాసెను. మగ్గము ఆగిన ఇంట పలకయు ఆగెనన్నమాట. బడికిని గుడ్డకును గల ఈ సంబంధమును శ్రోతలు మనసున నుంచుకొందురు గాక. కథ తిరిగి తిరిగి ఇచటికే వచ్చును.

ఇక ఇంగ్లండు. లండనులో 1552లో అనాథ బాలల కొరకు క్రైస్ట్స్ హాస్పిటల్ అను బడి స్థాపింపబడెను. ఆ పిల్లలకు పొడుగైన నీలికోటు, పసుపుపచ్చని మేజోళ్ళు ఇచ్చిరి. వీరు ధర్మముమీద బ్రతుకు బిడ్డలని లోకమునకు తెలియుటకును ఆ కోటు పనికివచ్చెను. పందొమ్మిదవ శతాబ్దమున ధనికుల బిడ్డలు చదువు బడులు తమ తమ కోటులను, టోపీలను, మెడపట్టీలను ఏర్పరచుకొనెను. అనాథలకు గుర్తుగా పుట్టినది ఘనులకు గుర్తుగా మారెను. జపానువారు 1880 ప్రాంతమున ఐరోపా సైనికుల కోటును విద్యార్థులకు తొడిగిరి. 1920 తరువాత ఆడుపిల్లలకు నావికుల చొక్కాను ఇచ్చిరి. ఏ దేశమున చూచినను బడిదుస్తులకు అనాథశాల యొకవైపు, సైనికశాల యొకవైపు పుట్టినిండ్లు.

మనదేశమున మిషనరీ వసతి గృహములును, కాన్వెంటులును ఈ వేషమును తెచ్చినవి. మెడకు పట్టీ బిగించి, కాళ్ళకు మేజోళ్ళు తొడిగి, మన కోస్తా ఉక్కపోతలో పిల్లవానిని నిలబెట్టుట ఎవరి బుద్ధియో గాని, ఆ వేషమునకు గౌరవము అబ్బినమాట నిజము. హైదరాబాదు రాజ్యమున దారి వేరు. 1918లో ఆరంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయ విద్యార్థులకు షేర్వానీ వేషమయ్యెను. అది దొరల వేషము గాదు, దర్బారు వేషము.

తెలుగు విద్యార్థులు తమంతట తాము ఒక గుర్తును ధరించిన సందర్భము మరువరానిది. 1907 ఏప్రిలులో బిపిన్ చంద్రపాల్ ఆంధ్రదేశమున పర్యటించెను. రాజమహేంద్రవరము ట్రైనింగు కళాశాల విద్యార్థులు వందేమాతరము బిళ్ళలను చొక్కాలకు తగిలించుకొని తరగతులకు వచ్చిరి. ప్రిన్సిపాలు మార్క్ హంటర్ సహింపలేదు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు మొదలగువారు బహిష్కరింపబడిరి. చొక్కాపై బొటనవ్రేలంత బిళ్ళ ఒక యువకుని చదువును ఆపివేయగలిగెను. అతనిని నాయకునిగను చేసెను.

ఖాకీ కథను కొంచెము తీరికగా చెప్పవలయును. ఖాక్ అనగా పారసీకమున ధూళి. 1846లో పెషావరు ప్రాంతమున ఏర్పడిన గైడ్సు దళము తెల్లని, ఎఱ్ఱని కోటులను విడిచి దుమ్మురంగు గుడ్డ కట్టెను. క్రమముగా అది సైన్యమంతటను వ్యాపించెను. 1907లో బేడెన్ పవెల్ ఇంగ్లండులో బాలభటోద్యమము నారంభించెను. మొదట ఆ ఉద్యమమున భారతీయ బాలురకు చోటు లేకపోగా, 1916-17లో అనిబిసెంటమ్మ మద్రాసున భారతీయ బాలభట సంఘమును వేరుగా స్థాపించెను. ఆమె బాలురు తలపాగలు చుట్టి, దేశీయగీతములు పాడిరి. అట్లు ఖాకీ నిక్కరు సిపాయి నుండి బాలునికి దిగివచ్చెను. గుడ్డ మద్రాసుననే దొరకెడిది. 1876లో వెలసిన బకింగ్‌హాం మిల్లు, 1881లో వెలసిన కర్నాటక్ మిల్లు బిన్నీవారి యాజమాన్యమున ఖాకీకి పేరుగాంచినవి. రంగు పోని గుడ్డ, త్వరగా చిరుగని గుడ్డ, మాసినను కనబడని గుడ్డ. బీదతల్లికి ఈ మూడు గుణములకంటె వలసినదేమి? ఆ మిల్లులు 1996లో మూతపడినవి. స్వాతంత్ర్యానంతరము బోర్డు హైస్కూళ్ళలో తెల్లచొక్కా, ఖాకీ నిక్కరు బాలుర వేషముగా కుదురుకొనుటకు ఈ గుణములే కారణమని నా యభిప్రాయము. పోలీసువానికిని, పోస్టుజవానునకును, మాకును ఒకే గుడ్డ.

నేను చదివిన దినములలో ఆ నిక్కరును దర్జీ రెండేండ్ల పెరుగుదలకు సరిపడ కుట్టెడివాడు. అంచున నాలుగంగుళముల లోమడత. ఏడాది గడచినపిదప ఒక మడత విప్పుదురు. విప్పినచోట గుడ్డ ముదురురంగున కొత్తగా మెరయును. తరగతిలో ఎవడు ఎంత పెరిగెనో ఆ గీతను చూచి చెప్పవచ్చును. ఒకే జతయున్న ఇంట శనివారము రాత్రి ఉతికి, ఆదివారము ఎండకు ఆరవేసి, సోమవారము ప్రార్థనకు సిద్ధము చేసెడివారు. వానకాలమున తడి ఆరక పొయ్యి ప్రక్కన వ్రేలాడదీయగా, పొగవాసనతో బడికి పోయిన ఉదయములు నాకు తెలియును.

ఆ సోమవారములలో ఒకటి నన్ను నేటికిని విడువలేదు. నా ప్రక్కన కూర్చుండు బాలుని తండ్రి బెల్లము బజారులో కలాసీ. దిమ్మలు మోయుట అతని పని. అప్పట్లో బడులకు అమెరికా నుండి పాలపొడియు, గోధుమపిండియు వచ్చెడివి. వాడి తల్లి ఎవరినో అడిగి ఒక పిండిసంచి తెచ్చి, దానిని విప్పి తెల్లచొక్కా కుట్టినది. ఎన్నిమార్లు ఉతికినను వీపున నీలి అక్షరములు లీలగా నిలిచియుండెను. ప్రార్థనలో ఉపాధ్యాయుడొకరు వానిని ముందునకు పిలిచి, వెనుకకు తిరుగుమని, ఆ అక్షరములను బిగ్గరగా చదివిరి. అందరును నవ్విరి. నేనును నవ్వితిని. వాడు మరునాడు రాలేదు. ఆ తరువాతను రాలేదు. ఆ బడి పేరు గాని, ఆ ఉపాధ్యాయుని పేరు గాని ఇచట చెప్పి ప్రయోజనము లేదు. బీదసాదల భేదము తెలియకుండుటకే ఒకే వేషమని మాకు చెప్పిన దినములవి. తెల్లచొక్కా తప్పనిసరి కానిచో వాడు తన పాత గళ్ళచొక్కాతోనే తరగతిలో కూర్చుండి యుండెడివాడు గదా యని తరువాత పలుమారులు తలచితిని.

విధించువారే గుడ్డయు ఇయ్యవలయునని గ్రహించిన పాలకులలో కామరాజు నాడారును చెప్పుకొనవలెను. ఆయన 1954 మొదలు 1963 వరకు మద్రాసు ముఖ్యమంత్రి. 1956లో మధ్యాహ్న భోజన పథకమును విస్తరింపజేసెను. పిదప పాఠశాలాభివృద్ధి మహాసభల పేర ఊరూర విరాళములు పోగుచేయించి పిల్లలకు దుస్తులు పంచు ఏర్పాటు జరిగెను. కులమును, కలిమిని ఒంటిమీది గుడ్డ చాటరాదనుట ఆయన ఉద్దేశము. మనకు ఆ యోగము పట్టలేదు. 1953 అక్టోబరు 1వ తేదీననే మన జిల్లాలు మద్రాసు నుండి విడిపోయినవి. పొరుగుననున్న సింహళము 1993లో దేశమందలి బడిపిల్లలందరికి ఉచిత దుస్తులిచ్చు పద్ధతిని పెట్టెను.

మనవైపు మొదట దుస్తులు పొందినవారు వసతి గృహముల పిల్లలు, గురుకులముల పిల్లలు. 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో తొలి గురుకుల పాఠశాల వెలసెను. తిండి, గుడ్డ, చదువు ఒకేచోట. బొజ్జన్నకొండ ఏర్పాటు తిరిగి వచ్చినట్లే. అయితే కాషాయమునకు బదులు నిక్కరు, చొక్కా. విజయనగరము చెంత కోరుకొండ కోటలో 1962లో సైనిక పాఠశాల ఆరంభమయ్యెను. అందు వేషము చదువులో ఒక భాగమే.

ఆడుపిల్లల వేషమునకు ప్రత్యేక చరిత్ర కలదు. కందుకూరి వీరేశలింగము 1874లో ధవళేశ్వరమున బాలికల బడి పెట్టిననాడు, పిల్లను వీధిలోనికి పంపుటయే సాహసము. ఏ గుడ్డ కట్టవలెనను ప్రశ్న పుట్టలేదు. హైస్కూళ్ళు పెరిగినపిదప నీలి పరికిణీ, తెల్లని ఓణీ స్థిరపడెను. ఓణీ వేయు వయసు వచ్చినదనిన చదువు మానిపించు ఇండ్లు కోకొల్లలు. ఓణీ బడి వేషములో చేరుటచే, ఆ వయసు పిల్లయు బడిలో నుండదగినదే యని ఊరికి చెప్పినట్లయ్యెను. తరువాత పంజాబీ డ్రస్సు వచ్చెను. సైకిలు త్రొక్కుటకు అది సుకరము. పెద్దలలో కొందరు గొణిగిరి. పిల్లలు సైకిళ్ళెక్కి పోయిరి.

2010 ఏప్రిలు 1న విద్యాహక్కు చట్టము అమలులోనికి వచ్చెను. సర్వశిక్షా అభియాన్ క్రింద ఏటికి రెండు జతలకై పిల్ల యొక్కింటికి 400 రూపాయలు, 2018లో సమగ్రశిక్ష వచ్చిన తరువాత 600 రూపాయలు నిర్ణయమయ్యెను. కేంద్రపు లెక్కలో బాలికలందరు, బాలురలో షెడ్యూల్డు కులములు, తెగలవారు, దారిద్ర్యరేఖకు దిగువనున్నవారు మాత్రమే చేరిరి. ఒకే వరుసలో కూర్చున్న ఇద్దరు బాలురలో ఒకనికి సర్కారు గుడ్డ, ఒకనికి లేదు. అందరిని ఒక్కటి చేయు గుడ్డను పంచుటకును ముందుగా విడదీయవలసి వచ్చెను. 2020 అక్టోబరు 8న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము విద్యాకానుక పేర, సర్కారు బడులలో పదవ తరగతి వరకు చదువు 42 లక్షలకు పైగా పిల్లలకు తలకు మూడు జతల గుడ్డ, బూట్లు, మేజోళ్ళు, బెల్టు, సంచి, పుస్తకములు ఇచ్చుట మొదలిడెను. కుట్టుకూలి తల్లులకు వేరుగా ఇచ్చిరి. 2025లో అది సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర అను పేర నడచెను. ప్రభుత్వము మారిన పేరు మారుట మనకు క్రొత్తగాదు. పిల్లవానికి జతలు చేరుటయే ముఖ్యము.

ఇంత గుడ్డ ఎచటినుండి వచ్చును? క్యాంబెల్ చెప్పిన మాట ఇచట మరల తలుపు తట్టును. 1976లో ఏర్పడిన ఆప్కో, అనగా చేనేత సహకార సంఘముల సమాఖ్య, పెక్కేండ్లు బడిపిల్లల దుస్తులకు గుడ్డ సమకూర్చినది. మగ్గమునకు పని, పిల్లకు గుడ్డ, ఊహ దివ్యమైనది. తెలంగాణమున సిరిసిల్ల మరమగ్గములకు బడిగుడ్డ పెద్ద ఆధారమయ్యెను. కాని పిల్లలకు వలసిన గుడ్డ పాలియెస్టరు కలిసినది. ఇస్త్రీ లేకున్నను నలుగనిది. అది చేమగ్గమునకు నప్పని నేత. లక్షల గజములు జూన్ నాటికి ఒకే రంగున తేలవలయుననిన పొందూరు, పాయకరావుపేట మగ్గములు సాగునా? మరమగ్గమే సాగును. చేనేత పేర సాగిన ఊహలో చేతినేతకు దక్కిన పాలు తక్కువే యనుట చేదునిజము. చేనేత గుడ్డనే పిల్లలకు తొడుగవలెనను వారితో నేను సగము ఏకీభవింతును. తక్కిన సగము, రోజూ ఆ గుడ్డ ఉతికి గంజిపెట్టు తల్లిని అడిగి చెప్పవలయును.

ఒకే వేషమను నియమము ఎంతవరకు పోవచ్చుననునది నేటికిని తేలని ప్రశ్న. ఇంగ్లండులో తలపాగ తీయనన్న సిక్కు బాలుని బడిలో చేర్చుకొనకపోవుట తప్పని 1983లో ప్రభువుల సభ తీర్పిచ్చెను. కర్ణాటకమున బాలికల హిజాబు విషయమై 2022 మార్చి 15న ఉన్నత న్యాయస్థానము నియమమునే సమర్థించెను. అదే సంవత్సరము అక్టోబరు 13న సర్వోన్నత న్యాయస్థానపు న్యాయమూర్తు లిరువురు చెరియొక అభిప్రాయము చెప్పిరి. ఇద్దరు న్యాయమూర్తులకే కుదరనిదానిని పదినిమిషముల ప్రసంగములో తేల్చబూనుట నాకు తగదు.

మొన్న జూన్‌లో మా మనుమని బట్టలు కుట్టించుటకు దర్జీయొద్దకు పోయితిని. నిక్కరు కాదు, ఇప్పుడు చిన్నవారికిని పంట్లామే. అలవాటు చొప్పున, లోమడత కొంచెము ఎక్కువగా పెట్టుమంటిని. అతడు టేపు మెడలో వేసికొని నవ్వి, ‘ఏటేటా కొత్తజతలు వస్తున్నాయి గదా మాస్టారూ! లోమడత అడిగేవాళ్ళెవరూ లేరిప్పుడు. మీకోసం రెండంగుళాలు వదులుతాను’ అనెను.